మిల్పిటాస్‌లో ఒక కారు అడుగు రంగు

అమెరికా వెళ్ళి వచ్చినవారు నయాగరా జలపాతాన్ని గురించీ, ఆకాశాన్నంటే మేడలను గురించీ వ్రాయడం ఆనవాయితీ. మేము ఈ మారు నాలుగు మాసాలు కాలిఫోర్నియాలో గడిపి వచ్చాము గాని ఆ రెండూ చూడలేదు. చూడనివాటిని గురించి వ్రాయడం మాకు చేతకాదు గనుక చూచినదే వ్రాస్తాము. మేము మిక్కిలి శ్రద్ధగా చూచినది ఒక పాత మోటారు కారు అడుగుభాగం. పాఠకులు నవ్వినా ఫరవాలేదు. మొదట మేమూ నవ్వాము.

మా అమ్మాయీ అల్లుడూ ఉండే ఊరు మిల్పిటాస్. శాన్ ఫ్రాన్సిస్కో అఖాతానికి దక్షిణపు కొసన, శాన్‌హోసే నగరాన్ని ఆనుకుని ఉన్నది. ఆ పేరుకు చిన్న మొక్కజొన్న చేలు అని అర్థం చెబుతారు. చేలు ఇప్పుడు లేవు. తూర్పున మాత్రం వరుసగా కొండలున్నవి. వేసవిలో గడ్డి ఎండి కందిపప్పు రంగులో ఉంటాయి, చలికాలపు వానలకు పచ్చబడతాయి. సాయంత్రం గాలి అఖాతం వైపు నుండి తిరిగితే ఒక్కొక్కనాడు చెత్తకుప్పల వాసన కూడా వస్తుంది. ఊరివారు దానికి అలవాటు పడ్డారు, మేము పడలేదు. కూరగాయల దుకాణంలో గోంగూర దొరుకుతుంది. వీధిలో నడుస్తూంటే పదిమందిలో ఒకరిద్దరైనా తెలుగులో ఫోను మాట్లాడుకుంటూ ఎదురవుతారు.

ఊరికి నడిబొడ్డున గ్రేట్ మాల్ అని ఒక పెద్ద అంగడి ఉన్నది. ఒకే కప్పు కింద వందలాది దుకాణాలు. లోపల నడక మొదలుపెడితే, చుట్టూ తిరిగి బయలుదేరిన చోటికే వస్తాము. ఇంతటి కట్టడాన్ని ఎవరు ఏ కాలంలో ఎందుకు కట్టారా అనుకున్నాము. అప్పుడు అల్లుడు చెప్పాడు:

“ఇది అంగడిగా కట్టినది కాదు మామయ్యగారూ. ఫోర్డ్ కార్ఖానా. నా కారు పుట్టినిల్లు ఇదే.”

సంగతి నిజమే. ఫోర్డ్ కంపెనీ 1955లో ఇక్కడ కార్ల కార్ఖానా తెరిచింది, 1983లో మూసివేసింది. ఆ కార్ఖానానే మార్చి 1994లో అంగడిగా తెరిచారు. కార్ఖానాకు శాన్‌హోసే కార్ఖానా అని పేరు గాని, ఉన్నది మిల్పిటాస్‌లోనే. శాన్‌హోసే నగరం తమను మింగివేస్తుందన్న భయంతోనే ఇక్కడివారు 1954లో తమ ఊరిని విడి పురపాలక సంఘంగా చేసుకున్నారు. అంత పట్టుపట్టి ఊరిని నిలుపుకున్నా, కార్ఖానా మాత్రం పొరుగూరి పేరుతోనే ప్రసిద్ధికెక్కింది!

ఇంకొక విషయం కూడా ఇక్కడ చెప్పవలసి ఉన్నది. ఫోర్డ్ వారు అంతకు ముందు ఉత్తరాన రిచ్‌మండ్‌లో ఉన్న కార్ఖానాను ఎత్తివేసి ఇక్కడికి మార్చారు. కార్మికులలో నల్లజాతివారు చాలామంది. పని ఇక్కడికి వచ్చింది గాని, ఈ చుట్టుపట్ల వారికి ఇల్లు అమ్మేవారు గాని అద్దెకిచ్చేవారు గాని కరువైనారు. అప్పుడు మోటారు కార్మికుల సంఘం పూనుకుని, సన్నీహిల్స్ అనే పేట లేవడానికి తోడ్పడింది. అందులో నల్లవారూ తెల్లవారూ పక్కపక్కనే ఇళ్ళు కొనుక్కున్నారు. అమెరికాలో అట్లా ముందుగానే తలపెట్టి కట్టిన మొదటి పేటలలో అది ఒకటి. సంఘంలో ఇళ్ళ వ్యవహారం చూచిన బెన్ గ్రాస్ అనే ఫోర్డ్ కార్మికుడు 1961లో పురపాలక సభకు ఎన్నికై, 1966లో మేయరయ్యాడు. మగ్గం పనికీ మిల్లు పనికీ పొట్ట చేత పట్టుకుని షోలాపూరు, బొంబాయి చేరిన మన పెద్దలకు ఒక వసారా అద్దెకు దొరకడం ఎంత కష్టమైనదో విన్నవారికి ఇది కొత్త కథ కాదు.

మా అల్లుడి కారు ఆ సన్నీహిల్స్ నుండే వచ్చింది. మస్టాంగ్ అనే రకం, 1966 నాటిది. మస్టాంగ్ కార్లు 1964 ఏప్రిల్‌లో అమ్మకానికి వచ్చి ఆ దేశాన్ని ఒక ఊపు ఊపినవి. ఒక్క 1966 నమూనాయే 6,07,568 కార్లు తయారైనవంటే చూచుకోండి. కనుక అరుదైన వస్తువేమీ కాదు. ఒక వృద్ధురాలి భర్త ఆ కార్ఖానాలో పనిచేస్తూ, అక్కడ తయారైన బండినే కొనుక్కున్నాడు. కార్ఖానా మూసేదాకా అక్కడే పనిచేశాడు. ఆయన పోయిన తరువాత బండి చాలా ఏళ్ళు షెడ్డులో పడి ఉన్నది. అల్లుడు కొంటానని వెళ్ళినప్పుడు ఆవిడ ధర విషయంలో పెద్దగా బేరమాడలేదట. ఒక్క మాట అన్నదట: “దీన్ని బాగుచేసుకో నాయనా, మెరిపించుకో. కాని అది కార్ఖానా నుండి ఎట్లా వచ్చిందో అట్లాగే ఉండాలి. మావారికి అది ఇష్టం.”

అల్లుడు సరేనన్నాడు. అన్న తరువాత గాని ఆ మాటలో ఉన్న చిక్కు తెలియలేదు.

పైరంగు విషయంలో ఇబ్బంది లేదు. డ్రైవరు వైపు తలుపుకు ఒక చిన్న రేకుబిళ్ళ ఉన్నది. దాని మీద బండి జాతకమంతా అక్షరాలలో పొడిచి ఉంటుంది. నంబరులో మొదటి అంకె 6 అంటే 1966. తరువాతి ఆర్ అక్షరం శాన్‌హోసే కార్ఖానా. అదే ఎఫ్ అయితే మిషిగన్ రాష్ట్రంలోని డియర్‌బార్న్, టి అయితే న్యూజెర్సీలోని మెటచెన్. అప్పట్లో మస్టాంగ్‌లు ఈ మూడు చోట్లనే తయారయ్యేవి. రంగు దగ్గర ఎం అని ఉన్నది. అది వింబుల్డన్ వైట్ అనే తెలుపు. ఏ తేదీన తయారు కావలసినదో కూడా ఆ బిళ్ళ మీదనే ఉన్నది. ఇన్ని వివరాలున్నా, అడుగుభాగం ఏ రంగన్నది మాత్రం లేదు. కొనేవాడు పైరంగు కోరుకుంటాడు గాని అడుగు రంగు కోరుకోడు కదా!

కాగితాలలో దొరుకుతుందేమోనని వెతికాడు. ఫోర్డ్ వారి ఉత్పత్తి లెక్కల నుండి ఒక్కొక్క బండి వివరమూ తీసి ఇచ్చే సంస్థ ఆరిజోనాలో ఉన్నది, మార్టీ ఆటో వర్క్స్ అని. కాని వారి వద్ద ఉన్న లెక్కలు 1967 నమూనా నుండే మొదలు. మనవాడిది 1966. ఒక్క సంవత్సరంలో తప్పిపోయింది. లెక్క దొరికి ఉన్నా, అందులో అడుగు రంగు ఉండేది కాదన్నది వేరే సంగతి.

పుస్తకాలలో ఏమున్నదంటే, ఆనాటి ఫోర్డ్ కార్ల అడుగున ప్రైమరు మాత్రమే ఉండేదని, అది రెడ్ ఆక్సైడ్ అయినా కావచ్చు, బూడిదరంగు అయినా కావచ్చునని. రెడ్ ఆక్సైడ్ మనవారికి కొత్త కాదు. కిటికీ చువ్వలకు పైరంగు వేసే ముందు పూస్తాము. మన పాత ఇళ్ళలో ఎర్రటి గచ్చు నేలలకు కలిపేదీ ఇదే. ఇనుప తుప్పు వంటి పదార్థమే, ఇనుముకు కవచమవుతుంది. చవక, ఎండకూ తడికీ మారదు. ఇక రెండవది, బూడిదరంగు, విచిత్రమైనది. పై కార్లకు వేసిన రకరకాల రంగులలో మిగిలినది పారవేయకుండా ఒక చోట పోసి, కలిపి, ఎవరూ చూడని అడుగుభాగానికి చల్లేవారట. అందువల్ల ఆ రంగుకు పేరు లేదు, నంబరు లేదు. నేడు బూడిద, రేపు గోధుమ, ఎల్లుండి కొంచెం పచ్చ కూడా తగలవచ్చు. ఒక కార్ఖానాకు మరొక కార్ఖానాకు తేడా. ఒకే కార్ఖానాలో నెలకూ నెలకూ తేడా.

అల్లుడు ఈ మాట చెప్పి తల పట్టుకున్నాడు. మాకు మాత్రం ఆ కార్ఖానా మీద ఒక్కసారిగా ఆపేక్ష కలిగింది. ఎందుకంటే మాది షోలాపూరులో మూడు తరాల నూలు అద్దకపు ఇల్లు. దుప్పట్లు నేసేవారికి నూలు అద్ది ఇవ్వడం మా పెద్దల వృత్తి. తొట్టిలో మిగిలిన రంగునీళ్ళు పారబోయడం మా ఇంట మహాపాపంగా ఉండేది. ఎరుపు తొట్టిలో మిగిలినదీ, ఆకుపచ్చలో మిగిలినదీ, నీలంలో మిగిలినదీ కలిపితే ఏమవుతుందో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఎన్ని అందమైన రంగులు కలిపినా చివరికి తేలేది బురద రంగే. ఆ బురద రంగులో ముతక నూలు ముంచి, సంచులు కట్టే తాళ్ళకూ, దుప్పటి లోపలి పోగులకూ వాడేవారు. ఏ వారం ఎరుపు దుప్పట్లు ఎక్కువ నేస్తే ఆ వారం బురద ఎర్రగా, ఏ వారం నీలం ఎక్కువైతే ఆ వారం నల్లగా ఉండేది. మా తాతగారు ఆ తాళ్ళను చూచి ఏ నెల సరుకో చెప్పేవారని ఇంట్లో అనుకునేవారు. అందుకని మేము అల్లుడితో చెప్పినదేమంటే, “బాబూ, ఇటువంటి రంగును పుస్తకంలో వెతకరాదు. ఆ సరుకు మీదనే వెతకాలి” అని.

అప్పటికే సమయం తక్కువగా ఉన్నది. ఇంజనూ చక్రాలూ తీసివేసిన బండి పెంకును ఇంటి గరాజులో ఒక ఇనుప చట్రానికి బిగించాడు. చువ్వకు గుచ్చి కాల్చే మాంసాన్ని తిప్పినట్లు దానిని పక్కకూ తలకిందులుగానూ తిప్పవచ్చు. రెండు వారాలలో దానిని ఒక మరమ్మతు షెడ్డుకు పంపాలి. అక్కడ ఇసుక వంటి రాపిడిపొడిని గాలితో కొట్టి, ఉక్కు తేలేదాకా పాతరంగంతా ఊడ్చివేస్తారు. షెడ్డు యజమాని ఫోనులో తేలికగా చెప్పాడు: అడుగంతా నున్నగా నల్లరంగు వేద్దాము, అందరూ అదే వేయించుకుంటున్నారు, చూడ ముచ్చటగా ఉంటుంది అని. బయానా కూడా తీసుకున్నాడు. మాకు ఆ పద్ధతి నచ్చలేదు. పాత బండ్లను ప్రదర్శనకు పెట్టే చోట అద్దంలా మెరిసే నల్లటి అడుగులు చాలా చూచాము. కార్ఖానా నుండి ఏ బండీ అట్లా బయటికి రాలేదు. అది బాగుచేయడం కాదు, పెళ్ళికూతురు ముత్తవ్వకు కూడా బుగ్గచుక్క పెట్టడం వంటిది.

ఒకసారి ఆ రాపిడి తగిలితే అరవై ఏళ్ళనాటి సాక్ష్యం పొడి అయి నేల మీద పడుతుంది. ఆ తరువాత ఎవరు ఏ రంగు వేసినా ఊహే. కనుక ఆ రెండు వారాలలో తేల్చుకోవాలి.

అడుగు చూస్తే మొత్తం నల్లగా తారు పూసి ఉన్నది. ఇది తుప్పు పట్టకుండా తరువాత ఎవరో కొట్టించినది. మంచు కురిసే రాష్ట్రాలలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పు కార్ల అడుగులను తినివేస్తుంది. కాలిఫోర్నియా లోయలలో ఆ బెడద లేదు గనుక తారు కింద ఉక్కు చాలావరకు గట్టిగానే మిగిలింది. కార్ఖానాలో కూడా చప్పుడు తగ్గడానికి చక్రాల గూళ్ళలో నల్లటి ముద్ద చల్లేవారు. రెండూ నలుపే అయినప్పుడు ఏది కార్ఖానాది, ఏది తరువాతది? అల్లుడు చూపిన గుర్తు మాకు బాగా నచ్చింది. తరువాత కొట్టిన తారు బోల్టుల తలల మీదా బ్రేకు గొట్టాల మీదా కూడా పడి ఉంటుంది. కార్ఖానాలో చల్లినది వాటి కిందనే ఉంటుంది. అప్పటికి గొట్టాలు బిగించలేదు కదా.

రంగును వెతకవలసిన తావులు కూడా ఆ న్యాయం మీదనే దొరికినవి. పెంకుకు రంగు పడిన తరువాతే మిగతావన్నీ బిగిస్తారు. కనుక బిగించిన దానిని విప్పితే, కింద తారూ మట్టీ ఎండా తగలని రంగు ఉండి తీరాలి. వెనుక కమాను పట్టీల కొక్కెం కిందా, గేర్‌బాక్సును మోసే అడ్డపట్టీ ఆనిన చోటా, బ్రేకు గొట్టాన్ని పట్టి ఉంచే గోరంత క్లిప్పుల కిందా చూచాము. ముందే విప్పివేసినవి కొన్ని ఉన్నా, అవి ఆనిన అచ్చులు పెంకు మీద అట్లాగే ఉన్నవి.

తారు తీయడం ఓపికతో కూడిన పని. వేడిగాలి చూపి, మెత్తబడిన తరువాత ప్లాస్టిక్ పలకతో గీకి, మిగిలిన జిడ్డును టర్పెంటైన్ వంటి ద్రవంతో గుడ్డ తడిపి తుడవాలి. ఇనుప బ్రష్షు తగలనీయరాదు. తగిలితే కావలసినది కూడా పోతుంది. ఆ కాలపు రంగులలో సీసం ఉండవచ్చు గనుక ముక్కుకు ముసుగు, చేతులకు తొడుగులు, గరాజులోకి పిల్లలకు ప్రవేశం లేదు. వేడి ఎక్కువ చూపరాదు, పొడిగా రుద్దరాదు. నీటిగుడ్డతోనే రుద్దాలి. మాలో ఒకరు దీపం పట్టుకోవడం, ఒకరు గుడ్డలు అందించడం. అమ్మాయి మాత్రం భోజనాల వేళకు వచ్చి, అమెరికా చూపిద్దామని తీసుకువస్తే మీరు చూసే అమెరికా ఇదా అని కోప్పడి వెళ్ళేది.

మొదట బయటపడినది డ్రైవరు కాళ్ళ కింది భాగం. చక్కని ఎర్రటి రెడ్ ఆక్సైడ్, దుకాణంలో డబ్బా మూత తీసినట్లు. అల్లుడి ముఖం వికసించింది. ఫోటోలు తీశాడు. ఇక తేలిపోయిందన్నాడు.

కాని ఆ ఎరుపు మరీ శుభ్రంగా ఉన్నది. అద్దకపువాడి కన్నుకు మరీ శుభ్రమైన రంగంటే అనుమానం. అంచు దగ్గర మళ్ళీ తుడిపించి చూచాము. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పైన తెల్లరంగు చల్లేటప్పుడు తలుపు కింది అంచు చుట్టూ కొంత తుంపర లోపలికి పడుతుంది. నాలుగైదు వేళ్ళ లోపలికి వచ్చి, పొగలాగా పలచబడి ఆగిపోతుంది. అది కార్ఖానా చేతి గుర్తు. ఈ శుభ్రమైన ఎరుపు ఆ తెల్లని తుంపర మీదుగా పోయింది! తెలుపు కింద ఉండవలసిన ప్రైమరు తెలుపు మీద ఎట్లా ఉంటుంది? ఇంకా చూడగా అక్కడ రేకుకు ఒక అతుకు కూడా కనిపించింది. ఎప్పుడో ఎవరో మరమ్మతుదారుడు అతుకు వేసి, దుకాణపు రెడ్ ఆక్సైడ్ పూశాడన్నమాట. ఆ ఫోటోను నమ్మి పెంకును ఇసుకకు పంపి ఉంటే, మరమ్మతువాడి రంగును కార్ఖానా రంగని పూసేవారము.

అల్లుడు ఆ రాత్రి షెడ్డుకు ఫోను చేసి తేదీ వారం జరిపించుకున్నాడు. ఆ పెద్దమనిషి, ఇంకొకసారి జరిపితే బయానా తిరిగి రాదని చెప్పాడట.

అసలు రంగు వెనుక భాగంలో దొరికింది. ఎడమ కమాను పట్టీ కొక్కెం విప్పిన చోట, అరచేయి వెడల్పున. నీటిగుడ్డతో మెల్లగా రుద్దితే చెట్టు కాండంలో వలయాలు తేలినట్లు పొరలు తేలినవి: నడుమ తెల్లని ఉక్కు, దాని చుట్టూ ఒక మట్టిరంగు, దాని పైన తారు. అంతే. మధ్యలో మరేమీ లేదు. ఆ మట్టిరంగు ఎరుపూ కాదు, బూడిదా కాదు. వాన పడిన తరువాత ఎర్రమట్టి వీధిలో గుంటనీళ్ళు ఎండిపోతే అడుగున మిగులుతుందే, ఆ రంగు. ముందు భాగంలో బ్రేకు క్లిప్పుల కింద అదే రంగు మళ్ళీ దొరికింది, కాని అక్కడ ఒక పాలు నలుపు ఎక్కువ. ఒకే బండికి, ఒకే నాడు, ఒకే చేయి చల్లిన రంగులో కూడా తేడా! అల్లుడు ఇంజనీరు గనుక ఇది అతనికి బాధ కలిగించింది. మాకేమీ ఆశ్చర్యం కలుగలేదు. తొట్టి పైభాగాన ముంచిన చిలపకూ అడుగున ముంచిన చిలపకూ తేడా ఉండదా? కలియబెట్టడం మానితే రంగు అడుగుకు దిగుతుంది.

ఆ ఆదివారం ఒక అంగడి ముందున్న ఖాళీ స్థలంలో పాత మస్టాంగ్‌ల సమావేశం ఉంటే వెళ్ళాము. ఆ సమావేశాల తంతే వేరు. అరవై ఏళ్ళ పెద్దమనుషులు చాప పరుచుకుని వెల్లకిలా పడుకుని, చేతిలో చిన్న అద్దమూ దీపమూ పట్టుకుని, ఇతరుల బండ్ల అడుగు పరీక్షిస్తూంటారు. కార్ఖానాలో పరీక్షకుడు సుద్దముక్కతో గీసిన గీత కూడా ఎక్కడ ఉండాలో వారికి తెలుసు. చెరిగిపోతే మళ్ళీ గీస్తారు. ఈ పిచ్చి మన దగ్గర పాత నాణేలు పోగుచేసేవారికి ఉంటుంది. అక్కడ ఎన్నడూ విప్పని, రంగు మార్చని శాన్‌హోసే బండి ఒకటి తటస్థపడింది. బిళ్ళ మీద తేదీ చూస్తే మన బండికి పది పన్నెండు రోజులు మాత్రమే ఎడం. యజమాని సంతోషంగా చూడనిచ్చాడు. దాని అడుగు మన దానికన్నా స్పష్టంగా బూడిదరంగు. అల్లుడు మళ్ళీ డీలాపడ్డాడు. ఆ యజమాని మాత్రం, నీ బండి నీకు చెప్పినది చాలదా, నా బండి మాట ఎందుకు వినడం అని నవ్వాడు. ఆ పూట అంత సూటిగా మాట్లాడినవారు మరొకరు లేరు. తక్కినవారిలో ముగ్గురు మూడు రంగులు చెప్పారు, ముగ్గురూ ఒట్టు పెట్టినంత గట్టిగా చెప్పారు.

ఇక పోలిక కుదర్చడం మిగిలింది. రంగుల దుకాణంలో కాంతి పంపి రంగును అంకెలలో చెప్పే యంత్రం ఉన్నది. అరచేయంత చోటును దానికి చూపితే ఒక లెక్క ఇచ్చింది, దాని ప్రకారం కలిపి ఇచ్చారు. కొట్టి ఆరబెట్టి చూస్తే రంగు దగ్గరగానే ఉన్నది గాని మెరుపు ఎక్కువ. పాతది సున్నం గోడలాగా మెరుపు లేనిది. యంత్రం తప్పు చెప్పలేదు. మెరుపు సంగతి దానిని ఎవరూ అడగలేదు. మళ్ళీ కలిపించాము. చూచేటప్పుడు గరాజు దీపం కింద చూడవద్దని, ఎండలో కూడా వద్దని, ఇంటి ఉత్తరపు నీడలో నిలబడి, పాతదానినీ కొత్తదానినీ తడిపి ఒకసారీ, ఆరిన తరువాత ఒకసారీ చూడమని చెప్పాము. ఛాయ కుదిర్చేవారు తరతరాలుగా చేసేది అదే. అట్లా చూడగా మూడు రేకుముక్కలు మిగిలినవి. ఒకటి దుకాణపు రెడ్ ఆక్సైడ్, పోలికకు ఉంచినది. రెండవది కొక్కెం కింద దొరికిన మట్టిరంగు. మూడవది ముందుభాగంలో దొరికిన, నలుపు తగిలిన మట్టిరంగు.

ఆ మూడూ తీసుకుని ఒక సాయంత్రం సన్నీహిల్స్ వెళ్ళాము. అల్లుడికి ఆవిడతో మాట ఉన్నది కదా, ఏమి జరుగుతున్నదో చెప్పి రావడం మర్యాద అని మేమే అన్నాము. చిన్న పెంకుటిల్లు, ముందు నిమ్మచెట్టు. ఆవిడకు ఎనభై దాటింది, చూపు మాత్రం బాగున్నది. టీ ఇచ్చింది. అల్లుడు ఫోటోలు చూపి, తారు, తుంపర, అతుకు అంటూ వివరిస్తూంటే మర్యాదగా తల ఊపింది గాని మనసు పెట్టినట్లు లేదు. చివరకు రేకుముక్కలు బల్ల మీద పెట్టాడు.

ఆవిడ వాటిని చూచి కొంతసేపు ఊరకున్నది. తరువాత, “ఈ రంగు మావారి బూట్ల మీద ఉండేది” అన్నది.

కొంతకాలం ఆయనకు రంగు చల్లే విభాగంలో పని పడిందట. బూట్లు వంటింటి తలుపు బయటనే విడవాలని ఆవిడ నియమం పెట్టింది. ఎన్నిసార్లు రుద్దినా తోలు మడతలలో ఆ రంగు వదిలేది కాదట. ఆవిడ చేయి చాచి దుకాణపు రెడ్ ఆక్సైడ్ ముక్కను పక్కకు నెట్టింది. ఇంత ఎర్రగా ఉండేది కాదన్నది. మిగిలిన రెండింటిలో ఏదని అల్లుడు ఆత్రంగా అడిగాడు. ఆవిడ రెండింటినీ చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గరకు వెళ్ళి, ఇటూ అటూ తిప్పి చూచి, చెప్పలేనన్నది. రెండూ ఆ బూట్ల మీద ఉండేవన్నది.

అరవై ఏళ్ళనాటి బూట్ల జ్ఞాపకం సాక్ష్యమవుతుందా అని దారిలో వాదించుకున్నాము. అల్లుడు తన నోటుపుస్తకంలో ఆవిడ మాట వ్రాసుకున్నాడు, కాని విడి పేజీలో. మా అభిప్రాయంలో ఆ పేజీ మొదట ఉండవలసినది. అతడు ఒప్పుకోలేదు.

చివరికి వెనుకభాగానికి వెనుక దొరికిన రంగు, ముందుకు ముందు దొరికినదీ వేయించాలని, నడుమ ఒకదానిలో ఒకటి కలిసిపోయేటట్లు చల్లించాలని నిశ్చయించాడు. తలుపు అంచున తెల్లని తుంపర కూడా, కొలిచి పెట్టుకున్న మేరకు. షెడ్డు యజమాని ఇదంతా విని చాలాసేపు మాట్లాడలేదట. తరువాత, మురికిగా కనబడేటట్లు రంగు వేయమని డబ్బిచ్చేవాడిని నిన్నే చూచానన్నాడట. పని మాత్రం ఒప్పుకున్నాడు. కొక్కెం పక్కన ఆ అరచేయంత చోటు మీద రాపిడి తగలకుండా మందపాటి రబ్బరు ముక్క అంటించి, పైన టేపు వేసి పంపాడు అల్లుడు. అక్కడ కొత్తరంగు కూడా వేయరాదని కాగితం మీద వ్రాసి అంటించాడు.

మేము తిరుగు ప్రయాణమైన నాటికి పెంకు ఇంకా షెడ్డులోనే ఉన్నది. షోలాపూరు చేరిన మూడు వారాలకు ఫోటోలు పంపించాడు. ఆ చోటు అట్లాగే ఉన్నది, చుట్టూ కొత్త మట్టిరంగు. దగ్గరగా చూస్తే పాతదానికీ కొత్తదానికీ మధ్య గీత కనిపిస్తూనే ఉన్నది. కలిపించిన రంగు అరడబ్బా మిగిలిందట. ఏమి చేశావని అడిగితే, బండిని తిప్పిన ఇనుప చట్రానికి పూశానన్నాడు.